రెండు కంపెనీల కొట్లాట, మధ్యలో మన నేల



ఈసారి మన గోడపత్రికకు నేను ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ జరిగిన యుద్ధాల గురించి రాయదలచుకున్నాను. దానికి ఒక కారణం ఉంది. మొన్న యూనిట్ టెస్టులో నేను "డూప్లే ఇంగ్లీషు గవర్నరు" అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను. నాలాగ రాసినవాళ్లు మన క్లాసులో ఇంకా ఉన్నారు, పేర్లు చెప్పను. సోషల్ టీచర్ గారు "పేర్లు బట్టీ పట్టకండమ్మా, ఎందుకు కొట్టుకున్నారో తెలుసుకోండి, పేర్లు వాటంతటవే గుర్తుంటాయి" అన్నారు. అందుకని లైబ్రరీ పీరియడ్లో పుస్తకాలు తీసి చదివాను. ఇది ఎక్కడో దూరదేశం కథ అనుకున్నాను గానీ, ఇందులో బొబ్బిలి ఉంది, విశాఖపట్నం ఉంది, మచిలీపట్నం ఉంది. అందుకే అందరికీ చెప్పాలనిపించింది.

సంతలో ఇద్దరు షావుకార్లు

ముందు మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. మా కొండ కింద వారం వారం సంత జరుగుతుంది. మావాళ్లు చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు మోసుకొచ్చి అక్కడ అమ్ముతారు. నా చిన్నప్పుడు సంతకి ఇద్దరు షావుకార్లు వచ్చేవారు. ఒకడు ఒక ధర చెబితే ఇంకొకడు రూపాయి ఎక్కువ చెప్పేవాడు. ఒకడు బీడీ ఇస్తే ఇంకొకడు బెల్లం ఇచ్చేవాడు. మావాళ్లలో కొందరు ఈయన పక్షం, కొందరు ఆయన పక్షం అయిపోయి వాళ్ల కోసం మాలో మేమే తగువులాడుకున్నారు. కొన్నాళ్లకి ఒక షావుకారు రావడం మానేశాడు. ఆ వారం నుంచే చింతపండు ధర పడిపోయింది. తూకంలో కూడా తేడా వచ్చింది. మా నాయనమ్మ అంది: "గుంటా, ఆళ్లిద్దరూ కొట్టుకుంతంటే మనకి మంచిదే అనుకున్నాం. ఒకడు పోయినాక తెలిసింది, ఆళ్లు మన గురించి కొట్టుకోలేదు, మన సరుకు గురించి కొట్టుకున్నారు."

ఈ మాట గుర్తుంచుకోండి. ఈ వ్యాసం అంతటికీ ఇదే తాళంచెవి.

వాళ్లు ఎందుకు వచ్చారు?

ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీ 1600లో పుట్టింది. ఫ్రెంచివాళ్ల కంపెనీ 1664లో పుట్టింది. రెండూ వ్యాపారానికే వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో కోఠీ పెట్టారు. కోఠీ అంటే సరుకు కొని నిలవ చేసే గిడ్డంగి. ఫ్రెంచివాళ్లు కూడా 1669లో అదే మచిలీపట్నానికి వచ్చారు. తర్వాత పుదుచ్చేరి, యానాం వాళ్ల చేతికి వచ్చాయి. ఇంగ్లీషువాళ్లకు 1639 నుంచి మద్రాసు ఉంది.

వాళ్లు కొన్నది ముఖ్యంగా మన బట్ట. మన తీరంలో నేసిన నూలు బట్టలకు, అద్దకం బట్టలకు యూరపులో చాలా గిరాకీ ఉండేది. నరసాపురం దగ్గర మాధవాయపాలెం అనే ఊరు ఉంది. అక్కడి బట్ట ఎంత పేరు పొందిందంటే ఇంగ్లీషు భాషలో ఒక రకం నూలు బట్టకి ఆ ఊరి పేరే పడిపోయింది. నేసినవాళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ వాళ్ల దేశంలో పాత పగ ఉంది. 1337 నుంచి 1453 వరకు 116 ఏళ్ల పాటు ఆగి ఆగి యుద్ధం చేసుకున్నారు. దాన్ని నూరేళ్ల యుద్ధం అంటారు. ఓడలు కట్టి లోకమంతా తిరగడం మొదలుపెట్టాక ఆ పగని కూడా ఓడల్లో వెంట తెచ్చుకున్నారు.

మొదటి యుద్ధం (1746-48)

1740లో ఆస్ట్రియా రాజు చనిపోయాడు. అతనికి కొడుకులు లేరు. కూతురు మరియా థెరిసాకు రాజ్యం రావాలి. ఆడది రాజ్యం ఏలడమేమిటని కొందరు రాజులు ఆమె మీదికి వెళ్లారు. ఫ్రాన్సు ఒక పక్క, ఇంగ్లండు ఇంకో పక్క చేరాయి. ఇది అంతా యూరపు గొడవ. మద్రాసుకీ దానికీ ఏం సంబంధం? కానీ 1746లో ఫ్రెంచి ఓడలు వచ్చి మద్రాసును పట్టుకున్నాయి. పుదుచ్చేరి గవర్నరు డూప్లే. (ఫ్రెంచి గవర్నరు. ఇప్పుడు నేను మర్చిపోను.)

ఆర్కాటు నవాబు అన్వరుద్దీను "నా రాజ్యంలో మీరు కొట్టుకోవడమేమిటి" అని పదివేల సైన్యం పంపాడు. అడయారు నది దగ్గర వెయ్యి మందికి అటూ ఇటూగా ఉన్న ఫ్రెంచి దళం ఆ సైన్యాన్ని తరిమేసింది. ఆ దళంలో ఎక్కువమంది మనదేశపు సిపాయిలే. వాళ్లకి వరుసగా నిలబడి, ఒకేసారి కాల్చి, గబగబా మళ్లీ తుపాకీ నింపుకోవడం నేర్పించారు. ఆ రోజుతో యూరపువాళ్లకి ఒక సంగతి తెలిసిపోయింది. చిన్న సైన్యం, మంచి కవాతు, నెలనెలా జీతం ఉంటే పెద్ద రాజుల్ని కూడా ఓడించవచ్చునని.

1748లో యూరపులో సంధి జరిగింది. మద్రాసును ఇంగ్లీషువాళ్లకు తిరిగి ఇచ్చేశారు. దానికి బదులు ఫ్రెంచివాళ్లకు కెనడా వైపు లూయీబర్గ్ అనే కోట ఇచ్చారు. సంతలో మేకకి బదులు కోళ్లు ఇచ్చినట్టు, ఒక ఊరికి ఇంకో ఊరు మార్చుకున్నారన్నమాట. ఆ ఊళ్లవాళ్లని ఎవరూ అడగలేదు.

రెండో యుద్ధం, బుస్సీ చేతికి మన సర్కార్లు

1748లోనే హైదరాబాదు నిజాం చనిపోయాడు. గద్దె కోసం అతని కొడుకు నాసర్ జంగ్, మనవడు ముజఫర్ జంగ్ తగువుపడ్డారు. ఆర్కాటులో కూడా నవాబు పదవికి అలాంటి తగువే. ఒకరికి ఫ్రెంచివాళ్లు సాయం చేస్తే ఎదుటివాడికి ఇంగ్లీషువాళ్లు సాయం చేశారు. 1749లో అన్వరుద్దీను, 1750లో నాసర్ జంగ్, 1751లో ముజఫర్ జంగ్, 1752లో చందా సాహెబు, ఇలా వరుసగా అందరూ చచ్చిపోయారు. చివరికి బుస్సీ అనే ఫ్రెంచి సేనాని సలాబత్ జంగును నిజాం గద్దె మీద కూర్చోబెట్టాడు.

ఊరికే సాయం చేస్తారా? బుస్సీ సైన్యానికి జీతాలు ఇవ్వాలి. దాని కోసం 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు. అంటే కృష్ణా నది పక్క నుంచి ఒరిస్సా దాకా ఉన్న తీరమంతా. మనవాళ్లు పండించిన పంట మీద శిస్తు ఫ్రెంచివాళ్లకు పోవడం మొదలైంది.

బొబ్బిలి (1757)

విజయనగరం జమీందారు పెద విజయరామరాజుకు, బొబ్బిలి రాజు రంగారావుకు ముందునుంచీ పడదు. సరిహద్దు తగవులు, నీళ్ల తగవులు ఉండేవి. విజయరామరాజు బుస్సీ పక్షం చేరాడు. బొబ్బిలి వదిలి వేరే చోటికి పొమ్మంటే రంగారావు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు బొబ్బిలి మట్టికోటను కొట్టాయి. లోపల ఉన్నవాళ్లు కొద్దిమంది. బయట వేలమంది. కోట నిలవదని తెలిశాక లోపల ఉన్న ఆడవాళ్లను, పిల్లలను శత్రువు చేతికి చిక్కకూడదని తమవాళ్లే చంపేశారు. మగవాళ్లు పోరాడి చనిపోయారు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజును చంపాడు.

ఈ కథ బుర్రకథగా మన జాతరల్లో చాలామంది విన్నారు. సినిమాలు కూడా వచ్చాయి. పాపారాయుడు వచ్చినప్పుడు అందరూ ఈలలు వేస్తారు. నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఈ వ్యాసం రాసేటప్పుడు కోట లోపలి ఆడపిల్లలే నాకు గుర్తుకొచ్చారు. వాళ్లలో నా వయసువాళ్లు కూడా ఉండే ఉంటారు. వాళ్లని ఎవరైనా అడిగారా? ఫ్రాన్సు ఎక్కడుందో వాళ్లకి తెలుసా? వీరత్వం గొప్పదే, కాదనను. అయితే ఆ ఒక్క చోట నాకు గర్వంగా ఉండదు, భయం వేస్తుంది. ఇది తప్పయితే టీచర్లు చెప్పండి.

పక్షం మారింది: చందుర్తి, మచిలీపట్నం

అదే 1757 జూన్‌లో ఇంగ్లీషువాళ్లు ప్లాసీలో గెలిచి బెంగాలులో పట్టు సంపాదించారు. వాళ్ల సేనాని క్లైవు. ఇంకో సంగతి చూడండి. మద్రాసు నుంచి వెళ్లిన సిపాయిలలో తెలుగువాళ్లు ఉండటం చేత, బెంగాలు వైపు జనం సిపాయిలందరినీ "తెలింగాలు" అని పిలిచేవారట. అంటే వాళ్ల యుద్ధాల్లో మనవాళ్లు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు.

అదే ఏడు బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు కోఠీని పట్టుకున్నాడు. కానీ విజయనగరం గద్దె ఎక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్ల మీద కోపం వచ్చింది. 1758లో అతను విశాఖపట్నం లాక్కుని, "మీరు రండి" అని ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. క్లైవు కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డును ఓడల మీద పంపాడు. సుమారు 500 మంది తెల్లవాళ్లు, 2000 మంది సిపాయిలు. అప్పటికే ఫ్రెంచి కొత్త అధికారి లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. బుస్సీ చోటులో కాన్‌ఫ్లాన్స్ అనే అతను ఉన్నాడు. అతనికి ఈ దేశం సంగతి బుస్సీకి తెలిసినంత తెలియదు.

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో యుద్ధం జరిగింది. ఇంగ్లీషు పక్షం సిపాయిలు కూడా తెల్లవాళ్లలాగే ఎర్ర కోట్లు వేసుకున్నారు. ఫ్రెంచివాళ్లు వాళ్లనే తెల్ల సైన్యం అనుకుని వాళ్ల మీద పడ్డారు. అసలు తెల్ల సైన్యం పక్కనే ఎత్తుగా పెరిగిన చేనులో మరుగున ఉంది. అది పక్కనుంచి వచ్చి కాల్చింది. ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. చేను ఎవరిదో, ఆ ఏడాది ఆ రైతుకు పంట చేతికి వచ్చిందో లేదో పుస్తకంలో లేదు.

ఫోర్డు మచిలీపట్నం కోట దాకా వెళ్లాడు. అక్కడ డబ్బు అయిపోయింది. జీతాలు లేక సైనికులు తిరగబడ్డారు. ఒకవైపు సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో వస్తున్నాడు. కోట చుట్టూ బురద, చిత్తడి నేల. అటునుంచి ఎవరూ రాలేరని లోపలివాళ్లు ధీమాగా ఉన్నారు. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు మూడు వైపుల నుంచి మనుషుల్ని పంపాడు, బురదలోంచి కూడా. తెల్లారేసరికి కోట పడిపోయింది. పట్టుబడినవాళ్లు పట్టుకున్నవాళ్లకంటె ఎక్కువమంది! సలాబత్ జంగ్ అది చూసి వెంటనే పక్షం మార్చేశాడు. మే నెలలో ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం రాసుకున్నాడు.

1760 జనవరి 22న వందవాసిలో లాలీ ఓడిపోయాడు, బుస్సీ పట్టుబడ్డాడు. 1761లో పుదుచ్చేరి కూడా పోయింది. లాలీ ఫ్రాన్సుకు వెళితే సొంతవాళ్లే నేరం మోపి 1766లో తల నరికేశారు.

అదే సమయంలో సముద్రం అవతల

ఈ యుద్ధాన్ని ఏడేళ్ల యుద్ధం (1756-63) అంటారు. ఉత్తర అమెరికాలో కూడా ఇదే కొట్లాట. ఆ నేల అసలు అక్కడి ఆదివాసులది. ఫ్రెంచివాళ్లు వాళ్ల దగ్గర బీవరు అనే జంతువు తోళ్లు కొనేవారు. ఇంగ్లీషువాళ్లు భూములు ఆక్రమించి ఊళ్లు కట్టేవారు. ఒట్టావా, హ్యూరన్ మొదలైన తెగలు ఫ్రెంచివాళ్లతో, మోహాక్‌లు ఇంగ్లీషువాళ్లతో కలిసి పోరాడారు. ఇద్దరు తెల్లవాళ్లు ఉన్నన్నాళ్లు ఇద్దరూ ఆదివాసులకు కానుకలిచ్చి మంచి చేసుకున్నారు. 1759లో క్విబెక్ పట్టణం దగ్గర ఇంగ్లీషువాళ్లు గెలిచారు. ఇంగ్లీషు సేనాపతి వుల్ఫ్, ఫ్రెంచి సేనాపతి మాంట్‌కామ్ ఇద్దరూ ఆ దెబ్బలకే చనిపోయారు. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయాక ఇంగ్లీషు అధికారులు ఆ కానుకలు తగ్గించేశారు. అప్పుడు 1763లో పాంటియాక్ అనే ఒట్టావా నాయకుడు తిరగబడ్డాడు. అదే ఏడు ఇంగ్లండు రాజు "కొండలకు అవతలి నేల ఆదివాసులది, ఎవరూ వెళ్లవద్దు" అని ప్రకటించాడు. కానీ వలసవాళ్లు ఆ గీత దాటుతూనే ఉన్నారు.

ఇది చదవగానే నాకు మా సంత గుర్తుకొచ్చింది. ఒక షావుకారు పోయాక బెల్లం ఆగిపోయింది కదా, అచ్చం అలాగే.

1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి రాసుకున్నారు. ఒట్టావావాళ్లు ఆ బల్ల దగ్గర లేరు. మనవాళ్లూ లేరు. ఆ సంధిలో "సలాబత్ జంగే దక్కను సుబేదారు" అని ఇద్దరూ ఒప్పుకుని రాశారు. కానీ 1762లోనే అతని తమ్ముడు నిజాం అలీ అతన్ని దించేసి ఖైదులో పెట్టాడు! ఓడ మీద కబురు వెళ్లడానికి నెలలు పట్టేది. మన గురించి అంత తెలిసినవాళ్లు మన భాగ్యం రాశారు.

ఇంగ్లీషువాళ్లు ఎందుకు గెలిచారు?

పరీక్షకు ఇది ముఖ్యం, రాసుకోండి.
1. వాళ్ల నౌకాబలం ఎక్కువ. సముద్రం చేతిలో ఉంటే మనుషులు, మందుగుండు, డబ్బు ఆగకుండా వస్తాయి.
2. ప్లాసీ తర్వాత బెంగాలు డబ్బు వాళ్ల చేతికొచ్చింది. ఆ డబ్బుతోనే ఇక్కడ యుద్ధం చేశారు.
3. ఫ్రెంచి కంపెనీ వాళ్ల రాజు మీద ఆధారపడి ఉండేది. రాజుకు యూరపు యుద్ధమే ముఖ్యం. 1754లో డూప్లేను కూడా వెనక్కి పిలిపించారు.
4. ఫ్రెంచి అధికారులకు ఒకరంటే ఒకరికి పడదు. లాలీ బుస్సీని నమ్మలేదు.
నేను ఐదోది కూడా రాస్తాను. మన రాజులు ఒకరిని ఓడించడానికి ఇంకొకరు బయటివాణ్ణి ఇంట్లోకి పిలిచారు.

గెలిచినవాడు ఏం చేశాడు?

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం. ఈ కాగితాలతో ఉత్తర సర్కార్లు ఇంగ్లీషువాళ్లవి అయిపోయాయి. ఇంగ్లీషువాళ్లను పిలిచింది విజయనగరమే కదా. ఆనందరాజు తర్వాత వచ్చిన చిన విజయరామరాజును వాళ్లే బాకీ కట్టమని ఒత్తిడి చేశారు. విజయనగరం విడిచి మచిలీపట్నం పొమ్మన్నారు. అతను వెళ్లలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం అతన్నీ అతని మనుషుల్నీ కాల్చి చంపింది. పిలిచిన ఇంటి గతి అది.

తర్వాత 1802 నుంచి జమీందారుల శిస్తు శాశ్వతంగా నిర్ణయించారు. ఆ భారం కిందికి దిగి దిగి కొండల దాకా వచ్చింది. 1879లో రంపలో కల్లు పన్ను మీద తిరుగుబాటు, 1882లో అడవి చట్టం, పోడు మీద ఆంక్షలు, 1922-24లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొరల పోరాటం. ఇవన్నీ మనకు తెలుసు. కానీ వాటి వేరు ఎక్కడుందంటే ఆ 1758, 1759 సంవత్సరాల్లో ఉంది.

ఫ్రెంచివాళ్లు పూర్తిగా పోలేదు. యానాం 1954 దాకా వాళ్ల పాలనలోనే ఉంది. ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. 1929లో ఇంగ్లీషు ప్రభుత్వం 14 ఏళ్లలోపు ఆడపిల్లలకు పెళ్లి చేయకూడదని శారదా చట్టం చేసింది. అది యానాంలో చెల్లదు. అందుకని చుట్టుపక్కల పెద్దలు చిన్నపిల్లల్ని యానాం తీసుకెళ్లి పెళ్లిళ్లు చేసేసేవారు. నాకు ఇప్పుడు 14 ఏళ్లు. ఇద్దరు దొరల మధ్య ఉన్న గీత ఆడపిల్లల పెళ్లి దాకా వచ్చిందన్నమాట. ఇప్పుడు ఎక్కడైనా 18 నిండాలి, చెల్లెళ్లూ, గుర్తుంచుకోండి.

నూరేళ్లు కొట్టుకున్న ఆ రెండు దేశాలు తర్వాత స్నేహితులైపోయాయి. 1914లో, 1939లో ఒకే పక్షాన యుద్ధం చేశాయి.

చివరి మాట

మా తాతకు చదువు రాదు. షావుకారు చిట్టాలో వేలిముద్ర వేసేవాడు. ఎంత రాశారో తెలియదు. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే మొదటిదాన్ని. కిందటి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ చిట్టా నేను చదివాను. నాయనమ్మ నా పక్కనే నిలబడింది. తప్పు ఉన్నచోట వేలు పెట్టి చూపించాను. షావుకారు ఏమీ అనలేదు, దిద్దాడు.

సంధులు, ఫర్మానాలు, చిట్టాలు అన్నీ కాగితాలే. వాటిని చదివే మనిషి మన ఊళ్లో కూడా ఉండాలి. ఈ పాఠం నుంచి నాకు అర్థమైనది ఇదే.

తప్పులుంటే మన్నించండి.

ఆలోచించండి (జవాబులు వచ్చే సంచికలో):
1. మద్రాసుకు బదులు ఇచ్చిన కోట పేరేమిటి?
2. ఆనందరాజు మీరైతే 1758లో ఏం చేసేవారు?

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి చెల్లెలు